నీటి లీకులు ఎక్కువున్న దేశాన్ని ఎంచుకుని ఎక్కడ తప్పాం: టెక్నాలజీ లైసెన్సింగ్‌కి మార్కెట్ ఎంపిక మీద ఒక కేస్ స్టడీ

మాది నీటి సరఫరా నెట్‌వర్కుల మీద పనిచేసే కన్సల్టింగ్ సంస్థ. ఈ కథ మొదలైనప్పుడు 60 మందిమి ఉండేవాళ్లం. నగరాల పైపులైన్లలో నీరు ఎక్కడ కారిపోతోందో కనిపెట్టడం మా ప్రధానమైన పని. ఏళ్ల తరబడి ఆ పని చేస్తూ చేస్తూ మాకో సాఫ్ట్‌వేర్ తయారైంది. ముందు మా పని తేలిక చేసుకోవడానికి రాసుకున్నదే, తర్వాత దాని వెనకున్న పద్ధతికి పేటెంటు కూడా తీసుకున్నాం. పైపుల మీద పెట్టిన లాగర్లు ఇచ్చే ప్రెషర్, ఫ్లో రీడింగులు తీసుకుని, ఊరంతా నిద్రపోయి కుళాయిలన్నీ కట్టేసి ఉండే వేళ కూడా పైపులో ఎంత నీరు కదులుతోందో చూసి, అందులో నిజమైన వాడకం ఎంత, లీకు ఎంత, ఆ లీకు ఏ రెండు వాల్వుల మధ్య ఉండవచ్చో చెబుతుంది.

దీన్ని విదేశాల్లో లైసెన్స్‌కి ఇద్దామని, అంటే అక్కడి కంపెనీలు వాడుకుని మాకు రాయల్టీ కట్టేలా చేద్దామని డైరెక్టర్లు అనుకున్నాక దేశాల్ని ఎంచే బాధ్యత నాకూ ఇంకో ఇద్దరికీ అప్పగించారు. రెండు విడతలుగా చేశాం. మొదటి విడత దెబ్బతిన్నది, రెండోది నిలబడింది. మధ్యలో ఏం మారిందో రాస్తున్నాను. లైసెన్సీల (లైసెన్స్ తీసుకున్న కంపెనీల) పేర్లు, మొదట వెళ్లిన దేశం పేరు రాయడం లేదు, ఒప్పందాల్లో గోప్యత క్లాజులున్నాయి.

మొదటి విడతలో అందరూ చేసేదే చేశాం. ఎక్సెల్ షీట్ తెరిచి 14 దేశాలు నిలువుగా రాసుకున్నాం, అడ్డంగా జనాభా, నీటి నష్టం శాతం, ఆ రంగంలో పెట్టుబడులు, ఇంగ్లీషు వాడకం, పేటెంటు చట్టం, కరెన్సీ నిలకడ. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా స్కోరు, ఒక్కో కాలమ్‌కి ఒక వెయిటేజీ. ఒక దేశానికి చట్టం కాలమ్‌లో 3 వెయ్యాలా 4 వెయ్యాలా అని గంటసేపు వాదించుకున్న రోజు నాకింకా గుర్తుంది. ఆ కాలమ్ అసలు ఉండాలా, ఇంకేదైనా కాలమ్ లేకుండా పోయిందా అని మాత్రం ఎవరమూ అడగలేదు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. మాకు మనసులో ఇష్టమైన దేశం ఒకటి ఉండేది, అది మూడో స్థానంలో వచ్చినప్పుడు వెయిటేజీలు మళ్లీ సరిచూసుకున్నాం. ఎవరూ కావాలని చేయలేదు, కానీ సరిచూసుకున్న ప్రతిసారీ ఆ దేశం ఒక మెట్టు పైకెక్కింది.

ఆ షీట్‌లో అన్నిటికంటే పెద్ద పొరపాటు నష్టం శాతాన్ని గిరాకీ అనుకోవడం. సరఫరా చేసే నీటిలో దాదాపు 40 శాతం దారిలోనే పోగొట్టుకునే బ్రెజిల్ మా పట్టికలో పైన ఉంది, 10 శాతం కూడా పోగొట్టుకోని డెన్మార్క్ అట్టడుగున ఉంది. జబ్బు ఎక్కువున్న చోట మందు అమ్ముడవుతుందనే లెక్క. కానీ డెన్మార్క్‌లో నష్టం ఎందుకు తక్కువో చూస్తే సంగతి అర్థమవుతుంది. అక్కడ లెక్కకి రాకుండా పోయిన నీరు 10 శాతం దాటితే, ఆ పైబడినదాని మీద పన్ను సరఫరా సంస్థే కట్టుకోవాలి. అంటే లీకు వల్ల ఎవరి జేబుకి చిల్లు పడుతుందో స్పష్టంగా ఉంది, ఆ చిల్లు పూడ్చుకోవడానికి వాళ్లు డబ్బు ఖర్చు పెడతారు. ఇంగ్లండ్, వేల్స్‌లోనూ అంతే, నియంత్రణ సంస్థ ఆఫ్‌వాట్ 2020–25 కాలానికి లీకేజీని కనీసం 15 శాతం తగ్గించాలని కంపెనీలకు లక్ష్యం పెట్టింది. బ్రెజిల్ సంగతే తీసుకున్నా, 2020లో వచ్చిన కొత్త పారిశుద్ధ్య చట్టం సరఫరా ఒప్పందాల్లో నష్టం తగ్గించే లక్ష్యాలు ఉండాలని చెప్పింది. 2020కి ముందు బ్రెజిల్, తర్వాత బ్రెజిల్ మాలాంటి వాళ్లకి రెండు వేరు వేరు మార్కెట్లు. మా షీట్‌కి అది తెలియదు. దానికి తెలిసింది శాతం ఒక్కటే.

ఇక్కడే ఇంకో ఉదాహరణ చెప్పాలి. కంబోడియా రాజధాని నాంపెన్‌లో 1993లో నీటి నష్టం 72 శాతం. దాన్ని ఆ నగర నీటి సంస్థ రెండు దశాబ్దాల్లోపే 6 శాతం దాకా దించింది. పాత పైపులు మార్చారు, అందరికీ మీటర్లు పెట్టారు, బిల్లులు గట్టిగా వసూలు చేశారు, దొంగ కనెక్షన్లు తీసేశారు. ఆ నగరం 1993లో మా షీట్‌లో ఉండి ఉంటే మొదటి స్థానం దానిదే, కానీ ఆ రోజు దానికి మా సాఫ్ట్‌వేర్ అక్కరకు వచ్చేది కాదు. మీటర్లే లేని చోట మేం లెక్కపెట్టడానికి ఏముంటుంది?

సరే, మొదటి దేశం. పెద్దది, నష్టం ఎక్కువ, ఇంగ్లీషు నడుస్తుంది. అక్కడ ఒక ఇంజనీరింగ్ కంపెనీకి ఐదేళ్లకి, ఆ దేశంలో ఇంకెవరికీ ఇవ్వకుండా ఎక్స్‌క్లూజివ్ లైసెన్స్ ఇచ్చాం, రెండు వారాలు ట్రైనింగ్ ఇచ్చి వచ్చేశాం. ఐదు నెలలకి ఫోన్ వచ్చింది. సాఫ్ట్‌వేర్ చూపించిన చోట రోడ్డు తవ్వితే లీకు లేదట. ఒకటి కాదు, వరసగా మూడు చోట్ల.

నేనూ మా సీనియర్ అనలిస్టూ వెళ్లాం. మూడో గుంత ఇంకా పూడ్చలేదు. మనిషి లోతున తవ్వి ఉంది, అడుగున పైపు పైభాగం తేలి కనిపిస్తోంది, చుట్టూ మట్టి పొడిపొడిగా ఉంది. లీకున్న పైపు పక్క మట్టి అలా ఉండదు, చెయ్యి పెడితే ముద్ద అవుతుంది. గుంత పక్కన నిలబడ్డ వాళ్ల ఇంజనీరు మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. ట్రాఫిక్ మళ్లించడానికి తీసుకున్న పర్మిషన్ కాగితం చేతిలో మడత పెట్టుకుని నిలబడ్డాడు. తిట్టినా బాగుండేదనిపించింది.

ఆ సాయంత్రం మా అనలిస్టు వాళ్ల డేటా తెరిచారు. గ్రాఫ్ చూసి పది సెకన్లలో చెప్పేశారు. రోజూ రాత్రి 2:40కి ఫ్లో మెట్టులా పైకి లేస్తోంది, 4:10కి మళ్లీ మెట్టులా దిగుతోంది. "ఇది లీకు కాదు, ఎవరో పెద్ద ట్యాంకు నింపుకుంటున్నారు. లీకు టైము చూసుకుని ఆగదు కదా" అన్నారు. మా సాఫ్ట్‌వేర్ 3 నుంచి 4 గంటల మధ్య సగటు తీసుకుంటుంది, ఆ గంటంతా ట్యాంకు నిండుతూనే ఉంది, అదంతా లీకు కింద జమ పడింది. మరి మా ప్రాజెక్టుల్లో ఈ తప్పు ఎప్పుడూ ఎందుకు రాలేదు? డేటా సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే ముందు ఇలాంటివి ఆవిడ చేత్తో తీసేస్తూ వచ్చారు కాబట్టి. తొమ్మిదేళ్లుగా. "మాన్యువల్లో ఎందుకు రాయలేదు మేడమ్?" అని అడిగితే ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయారు. "రాయాలా? చూస్తే తెలిసిపోతుందిగా."

ఆ రాత్రి హోటల్ లెటర్‌హెడ్ కాగితాల మీద, ఆవిడ 'చూస్తే తెలిసిపోయి' చేసే పనులన్నీ ఒకటొకటిగా రాయించాను. 31 వచ్చాయి.

కన్సల్టింగ్ సంస్థలకి లైసెన్సింగ్‌లో ఉండే అసలు చిక్కు ఇదే, పంపులు తయారు చేసే కంపెనీకి ఇంతగా ఉండదు. వాళ్ల టెక్నాలజీ డ్రాయింగుల్లో ఉంటుంది. మాది సగం కోడ్‌లో, సగం మనుషుల తలల్లో ఉంటుంది, ఆ రెండో సగం ఉందని మాకే తెలియదు, ఎందుకంటే ప్రతి ప్రాజెక్టుకీ మా మనిషి వెంట వెళ్తాడు. లైసెన్స్ అంటే మనిషి లేకుండా వెళ్లడం. అలాంటప్పుడు 'ఏ దేశం పెద్దది' అన్నది మొదటి ప్రశ్న కాకూడదు, 'మేం లేకుండా దీన్ని నడపగలిగిన చేతులు ఎక్కడున్నాయి' అన్నది కావాలి. ఆ కంపెనీని నేను తప్పుపట్టను. మేం సగం సరుకిచ్చి మొత్తానికి డబ్బు తీసుకున్నాం. రెండో ఏడు మినిమం రాయల్టీ రాలేదు, మేం కూడా గట్టిగా అడగలేకపోయాం, ఇద్దరం మాట్లాడుకుని లైసెన్స్ రద్దు చేసుకున్నాం. ఎక్స్‌క్లూజివ్ ఇవ్వడం వల్ల ఆ దేశంలో దాదాపు రెండేళ్లు ఇంకెవరికీ ఇవ్వలేక కూర్చున్నాం, అది వేరే నష్టం.

రెండో విడత మొదలుపెట్టేటప్పుడు ఇంకో చేదు విషయం బయటపడింది. మార్కెట్ ఎంపిక మేం కూర్చుని చేస్తున్నామనుకున్నాం గానీ, అది ఏళ్ల ముందే సగం జరిగిపోయింది. పేటెంటు మొదట వేసిన రోజు నుంచి పేటెంట్ల వంటి హక్కుల మీద దేశాలు చేసుకున్న పారిస్ ఒప్పందం కింద 12 నెలల్లో మిగతా దేశాల్లో వెయ్యాలి, పీసీటీ (అంతర్జాతీయ పేటెంటు సహకార ఒప్పందం) దారిలో వెళితే చాలా దేశాల్లో 30 నెలల దాకా గడువు దొరుకుతుంది. ఆ గడువు దాటితే ఆ దేశంలో తలుపు మూసుకున్నట్టే. మాకు అప్పట్లో పేటెంటు అటార్నీ దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది, ఏయే దేశాల్లో ముందుకు వెళ్లమంటారని. ఫీజులు చూసి, ఒక డైరెక్టర్ ఫోన్‌లోంచే మూడు పేర్లు రాసి జవాబిచ్చారు. ఆ మూడు పేర్లు ఎందుకో ఇప్పుడు ఆయనకీ గుర్తులేదు. మా 14 దేశాల్లో 11 చోట్ల మాకు పేటెంటు లేదు, ఇక రాదు. అక్కడ మేం ఇవ్వగలిగింది సాఫ్ట్‌వేర్ మీద కాపీరైటు, నో-హౌ (పని చేసే కిటుకులు) మాత్రమే. అదీ తక్కువేం కాదు, కానీ పద్ధతిని చూసి ఎవరైనా సొంతంగా కోడ్ రాసుకుంటే ఆపలేం. ఈ రంగంలో ఉన్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక్కటే మాట చెబుతాను, ఆ 30వ నెల తేదీని పేటెంటు ఫైల్లో వదిలేయకుండా మార్కెటింగ్ వాళ్ల క్యాలెండర్లో పెట్టించండి.

మాకు ఇప్పటికే క్లయింట్లున్న దేశాలకే ముందు ఇద్దామని సహజంగా అనిపించింది. తెలిసిన చోటికే ముందు వెళ్లాలనుకోవడం అందరిలోనూ ఉంటుంది. కంపెనీలు దగ్గరివి, పరిచయమున్నవి అనిపించే దేశాలకి ముందు వెళ్లి అక్కడ నేర్చుకుంటూ మెల్లగా దూరం జరుగుతాయని స్వీడన్ ఉప్సలా యూనివర్సిటీ పరిశోధకులు యోహాన్సన్, వాల్నే 1977లోనే చెప్పారు. ఎగుమతులకి అది బాగానే ఉంటుందేమో. కన్సల్టింగ్ సంస్థ లైసెన్స్ ఇచ్చేటప్పుడు మాత్రం కాస్త ఆగి చూడాలి. మేం పనిచేస్తున్న చోట లైసెన్సీని పెడితే, రేపు అదే టెండర్లో మా సాఫ్ట్‌వేర్ పట్టుకుని మాకే పోటీగా వస్తాడు. అతను గెలిస్తే మాకు రాయల్టీ వస్తుంది గానీ ప్రాజెక్టు ఫీజు పోతుంది. మేం గెలిస్తే అతను మినిమం రాయల్టీ తగ్గించమంటాడు. రెండూ గొడవే. అందుకని రాబోయే ఐదేళ్లలో మేం స్వయంగా పనిచేసే ఉద్దేశం లేని దేశాలే తీసుకున్నాం. ఈ ఒక్క నియమంతో మాకు బాగా తెలిసిన నాలుగు దేశాలు పోయాయి. లోపల పెద్ద చర్చే జరిగింది.

మిగిలినవాటిలో లీకు వల్ల డబ్బు పోగొట్టుకునేవాడు, దాని మీద ఖర్చుపెట్టే అధికారం ఉన్నవాడు ఒక్కరే అయిన దేశాలు ఏవో చూశాం. ఆరు తేలాయి. స్కోర్లు వెయ్యలేదు. ఆ ఆరింట్లో కంపెనీల్ని వెతికాం. సాఫ్ట్‌వేర్ తిరిగి అమ్ముకునేవాళ్ల జోలికి పోలేదు. రాత్రి పూట రోడ్డు మీదికి వెళ్లి, వాల్వు మీద లిజనింగ్ స్టిక్ ఆనించి చెవి పెట్టి వినే సొంత మనుషులున్న కంపెనీలే కావాలనుకున్నాం. 11 కంపెనీలతో మాట్లాడితే నాలుగు పరీక్షకి ఒప్పుకున్నాయి.

పరీక్ష ఇది. మేం స్వయంగా తవ్వి నిర్ధారించిన 9 లీకులున్న ఒక ఏరియా డేటా మొత్తం, ఆ 31 అంశాలు చేర్చి తిరగరాసిన మాన్యువల్, తాత్కాలిక లైసెన్స్ కీ ఇచ్చాం. ఆరు వారాల టైము. లీకులు ఎక్కడున్నాయో చెప్పాలి. మమ్మల్ని అడగొచ్చు, కానీ ఎన్నిసార్లు అడిగారో, ఏం అడిగారో రాసిపెట్టుకుంటాం. గోప్యతా ఒప్పందం మీద సంతకాలు అయ్యాకే డేటా పంపామని వేరే చెప్పక్కర్లేదు.

ఒక కంపెనీ నుంచి అసలు జవాబు రాలేదు. ఒకటి 3 లీకులు పట్టింది. అన్నిటికంటే పెద్ద దేశం నుంచి వచ్చిన కంపెనీ 8 పట్టింది, కానీ 64 ప్రశ్నలు అడిగింది. చాలావరకు 'ఇప్పుడేం నొక్కాలి' తరహావి. నాలుగోది ఒక చిన్న దేశంలోని చిన్న కంపెనీ, 7 పట్టింది, 12 ప్రశ్నలు అడిగింది. ఆ పన్నెండులో మూడు, మా మాన్యువల్లో ఒక పేజీకీ ఇంకో పేజీకీ పొంతన కుదరడం లేదేమిటని అడిగినవి. వాళ్లు చెప్పింది నిజమే. 8 పట్టినవాళ్లని కాదని 7 పట్టినవాళ్లని ఎంచుకోవడం డైరెక్టర్లకి నచ్చచెప్పడానికి నాకు రెండు మీటింగులు పట్టింది. నా వాదన ఒక్కటే. ఆ 64 ప్రశ్నలకి జవాబులిచ్చింది మా అనలిస్టే, అంటే ఆ 8 లీకుల్లో కొన్ని ఆవిడ పట్టినవే. లైసెన్స్ ఇచ్చాక ఆవిడ గంటలకి ఎవరు కడతారు?

ఆ గంటల లెక్క చివరికి పన్ను దగ్గర ముడిపడింది, దీన్ని విడిగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది సంతకాలయ్యాక చూసుకుంటారు. రాయల్టీ దేశం దాటేటప్పుడు అక్కడే కొంత కోసుకుంటారు, విత్‌హోల్డింగ్ టాక్స్. పన్ను ఒప్పందం లేని దేశాలవాళ్లకి అమెరికాలో 30 శాతం, జర్మనీలో సర్‌చార్జీతో కలిపి 15.825 శాతం, సింగపూర్‌లో 10 శాతం. ఒప్పందం ఉంటే తగ్గుతుంది, కొన్నిసార్లు సున్నా కూడా. ఇందులో మెలిక ఏమిటంటే కోత మొత్తం రాయల్టీ మీద పడుతుంది, లాభం మీద కాదు. 100 రాయల్టీ వచ్చిందనుకోండి, దానికోసం మేం సపోర్టుకి, అప్‌డేట్లకి 55 ఖర్చుపెట్టాం, లాభం 45. అక్కడ 20 శాతం కోస్తే 20 పోయింది. సొంత దేశంలో లాభం మీద 25 శాతం పన్ను అంటే 11.25. బయట కట్టిన దానికి క్రెడిట్ ఇస్తారు గానీ, సాధారణంగా ఆ 11.25 వరకే. మిగతా 8.75 చాలాసార్లు తిరిగి రాదు. చేతికి 33.75 రావాల్సింది 25 వచ్చింది. లాభం మీద లెక్కేస్తే 44 శాతం పన్ను కట్టినట్టు. లైసెన్సీ ఎంత ఎక్కువ ప్రశ్నలడిగితే ఆ 55 అంత పెరుగుతుంది, 65 అయితే మిగిలేది 15. అందుకే 64కీ 12కీ మధ్య తేడా నాకు అంత పెద్దగా కనిపించింది. ఈ లెక్క బోర్డు మీద వేసి చూపించాకే డైరెక్టర్లు ఒప్పుకున్నారు.

డబ్బు బయటికి వచ్చే దారి కూడా ముందే చూసుకోవాలి. బ్రెజిల్‌లో చాలాకాలం టెక్నాలజీ బదిలీ ఒప్పందాన్ని అక్కడి పేటెంటు కార్యాలయం ఐఎన్‌పీఐలో నమోదు చేయకుండా రాయల్టీ దేశం దాటించడం కుదిరేది కాదు. ఇలాంటివి లాయరు నాలుగు లైన్లలో చెప్పేస్తాడు, ముందు అడిగితే.

మెరుగులు ఎవరివి అన్నది కూడా దేశం ఎంపికలో భాగమే, ఒప్పందం రాసేటప్పటి విషయం అనుకోకండి. లైసెన్సీ మా సాఫ్ట్‌వేర్‌ని మెరుగుపరిస్తే అదంతా మాకే చెందాలని మొదటి ఒప్పందంలో రాసుకున్నాం. అన్నిచోట్లా ఇది చెల్లదు. చైనాలో 2002 నాటి టెక్నాలజీ దిగుమతి నిబంధనల ప్రకారం మెరుగుపరచినవాడిదే హక్కు, 2019లో ఆ నిబంధన తీసేశారు. యూరోపియన్ యూనియన్ 2014లో తెచ్చిన టెక్నాలజీ లైసెన్స్ నియమాల్లో, మెరుగుల మీద హక్కంతా తనకే రావాలని లైసెన్సర్ పెట్టే షరతుకి పోటీ చట్టం నుంచి రక్షణ ఇవ్వలేదు. హద్దులు గీయడంలోనూ ఇంతే. గాజు పలకలు తయారుచేసే ఫ్లోట్ గ్లాస్ పద్ధతిని ప్రపంచమంతా లైసెన్స్‌కి ఇచ్చిన బ్రిటన్ కంపెనీ పిల్కింగ్టన్ మీద 1994లో అమెరికా న్యాయశాఖ కేసు వేసింది, లైసెన్సీలు ఏ దేశంలో ప్లాంటు పెట్టవచ్చో కట్టడి చేశారని. ఆ టెక్నాలజీ ముందు మాది ఏపాటిది, కానీ ఆ క్లాజులు మాత్రం మేమూ అలాగే రాసుకున్నాం. రెండో ఒప్పందంలో మార్చాం. మెరుగులు చేసినవాళ్లవే, మాకు వాడుకునే హక్కు, మిగతా లైసెన్సీలకి ఇచ్చే హక్కు ఉంటాయి. ఎక్స్‌క్లూజివ్ రెండేళ్లకే, అదీ మినిమం రాయల్టీ కడుతున్నంత వరకే.

ఆ చిన్న దేశంలో లైసెన్స్ ఇచ్చి ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది. అక్కడి జనాభా మా మొదటి షీట్‌లో 1 స్కోరు తెచ్చుకుంది. మొదటి ఏడాది వచ్చిన రాయల్టీ నిజంగా చిన్నదే, దాన్ని చూసి మా ఆఫీసులో కొందరు పెదవి విరిచారు కూడా. రెండో ఏడు వాళ్లు పక్క దేశంలోని ఒక సరఫరా సంస్థకి పని చేసిపెడతామని, ఆ దేశానికీ లైసెన్స్ పొడిగించమని అడిగారు. ఆ దేశం మా 14లో లేనే లేదు.

ఆ సంవత్సరమే ఒక రోజు వాళ్ల దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. విదేశం నంబరు కనపడగానే నాకు ఆ పొడి మట్టి గుంతే గుర్తొచ్చి టెన్షన్ మొదలైంది. వాళ్లు చేసింది ఏమీ అడగడానికి కాదు. రాత్రి పూట తోటలకి ఆటోమేటిక్‌గా నీళ్లు పెట్టే ఏరియాల్లో మా 31 అంశాల్లో రెండు సరిగ్గా పనిచేయడం లేదని, తాము ఎలా సరిచేసుకున్నారో రాసి పంపుతున్నామని చెప్పారు. మా అనలిస్టు ఆ కాగితాలు రెండు రోజులు దగ్గర పెట్టుకుని, మా పాత డేటా మీద నడిపి చూసి, "వీళ్లదే కరెక్ట్" అన్నారు. ఇప్పుడు మాన్యువల్లో ఆ రెండు పేజీలూ వాళ్లు రాసినవే.